గుడి తలుపు తెరిచేది చట్టమా, భక్తా?

సందేహాల_సుబ్బయ్య
దేవుడి ముందు అందరూ సమానమేనని చెప్పని మతం లేదు. ప్రవచనంలో అదే మాట, ఆదివారం ప్రసంగంలో అదే, జుమ్మా ఖుత్బాలోనూ అదే. పేపరు తిప్పితే మాత్రం పాత కథే. ఫలానా ఊళ్లో దళితుల్ని గుళ్లోకి రానివ్వలేదు, ఆర్డీవో దిగాడు, పోలీసు బందోబస్తు మధ్య దర్శనం చేయించారు, ఫొటోలు పడ్డాయి. వారం తిరక్కుండా గుడికి తాళం.

అడిగేది రెండు సంగతులు. మత విశ్వాసం సమాజాన్ని న్యాయం వైపు తోస్తుందా, ఉన్న అన్యాయానికే పుణ్యం రంగు పూస్తుందా? రెండోది, గుడి ప్రవేశం విషయంలో ఇన్నేళ్లలో నిజంగా పనిచేసింది ఏది? చట్టమా, సంస్కర్తల బోధా? మా మతం మీ మతం గోల వద్దు. చదివినవాళ్లు, కోర్టుల సంగతి తెలిసినవాళ్లు వివరంగా రాయండి.

నిప్పురవ్వ
మొదటిదానికి జవాబు: రెండూ. రెండోదానికి: రెండూ కాదు, భయం. ఇక థ్రెడ్ మూసేయొచ్చు.

పాతపుస్తకం
నిప్పురవ్వ గారు ఎకసెక్కానికి అన్నా అందులో చరిత్ర ఉంది. ఇప్పటి కేరళలోని తిరువాన్కూరు సంస్థానం సంగతి చూడండి. 1924 వైకోం సత్యాగ్రహం గుళ్లోకి వెళ్లడం కోసం జరిగింది అనుకుంటారు చాలామంది. అడిగింది గుడి చుట్టూ ఉన్న వీధుల్లో నడవనివ్వమని. ఏడాదిన్నరకు పైగా కూర్చుంటే మూడు వైపుల వీధులు తెరిచారు, తూర్పు వీధి ఆపేశారు. అదే సంస్థానంలో 1936 నవంబరు 12న మహారాజు ఒక్క ప్రకటనతో సర్కారు గుళ్లన్నీ హిందువులందరికీ తెరిచాడు. పన్నెండేళ్లలో దర్బారుకు భక్తి ముదిరిందా? మధ్యలో 1935లో యేవలాలో అంబేడ్కర్ తాను హిందువుగా చావనని ప్రకటించాడు. అక్కడ గుడి బయటే ఉంచిన ఈళవ కులంవాళ్లలో మతం మారే చర్చ ఊపందుకుంది. అంత పెద్ద కులం వెళ్లిపోతే ఏమవుతుందో లెక్క తెలియని దివాన్లు కారు వాళ్లు. పక్కనున్న కొచ్చిన్ సంస్థానంలో అదే దేవుళ్లు, అదే పూజా పద్ధతి. అక్కడ తలుపు తెరవడానికి ఇంకో పదేళ్లు దాటింది.

మదురైది వేరే దారి. 1939 జులై 8న వైద్యనాథ అయ్యర్ అనే వకీలు, ఆచారవంతుడైన బ్రాహ్మణుడే, దళితుల్ని వెంటబెట్టుకుని మీనాక్షి గుళ్లోకి నడిచాడు. వాళ్లను కోర్టుకు లాగకుండా కాపాడే చట్టాన్ని రాజాజీ ప్రభుత్వం ఆ తర్వాత తెచ్చింది. ముందు నడిచింది భక్తుడు, వెనకాల వచ్చింది చట్టం. మద్రాసు రాష్ట్రం మొత్తానికి గుడి ప్రవేశ చట్టం 1947లో వచ్చింది. మన కోస్తా, రాయలసీమ అప్పుడు అందులోనివే.

తటస్థుడు
మదురై ఉదాహరణ చాలు నా వాదనకి. లోపలి నుంచి మార్పు రావాలి. 2018 ఏప్రిల్‌లో హైదరాబాదు జియాగూడ రంగనాథస్వామి గుళ్లోకి చిలుకూరు అర్చకులు రంగరాజన్ గారు ఒక దళిత భక్తుణ్ణి భుజాల మీద ఎక్కించుకుని తీసుకెళ్లారు. అంటరాని కులంవాడైన భక్తకవి తిరుప్పాణాళ్వారును లోకసారంగముని అనే అర్చకుడు భుజాల మీద మోసిన కథే ఆధారం. ఆ పని ఏ సెక్షన్ చేయించింది?

నిప్పురవ్వ
మోసినందుకు దండం. కానీ కావాల్సింది తన కాళ్ల మీద తాను నడిచి క్యూలో నిలబడటం. రోజూ ఎవరు మోస్తారు?

లా_పాయింట్
చట్టం చట్టం అంటున్నారు గానీ అందులో ఏముందో ఎవరూ రాయలేదు. రెండు చట్టాలున్నాయి, జనం కలిపేస్తుంటారు.

పాతది 1955 నాటి అస్పృశ్యత నేరాల చట్టం. 1976 సవరణతో పౌర హక్కుల పరిరక్షణ చట్టం అయింది. సెక్షన్ 3 చూడండి. అంటరానితనం పేరుతో గుళ్లోకి రానివ్వకపోవడం ఒక్కటే నేరమని అందులో లేదు. మిగతావాళ్లు ఏ పద్ధతిలో, ఎంతమేరకు పూజ చేసుకుంటారో ఆ పద్ధతిలో, అంతమేరకు చేసుకోనివ్వకపోయినా నేరమే. శిక్ష నెల నుంచి ఆరు నెలలు, జరిమానా 100 నుంచి 500 రూపాయలు. సెక్షన్ 12 ఇంకా ముఖ్యం. అడ్డుకున్నది ఎస్సీని అయితే, అది అంటరానితనం వల్లే జరిగిందని కోర్టు ముందే అనుకోవాలి. కాదని రుజువు చేసుకోవాల్సిన బరువు నిందితుడిది. సెక్షన్ 7 వివరణ ప్రకారం అంటరానితనాన్ని చరిత్ర పేరుతో గానీ, తత్వం పేరుతో గానీ, మతం పేరుతో గానీ సమర్థించినా దాన్ని ప్రోత్సహించినట్టే లెక్క. మైకు పట్టుకుని శాస్త్రం అలా చెప్పిందండీ అనే పెద్దమనుషులు ఇది చదువుకుంటే మంచిది.

కొత్తది 1989 నాటి ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం. 2016 జనవరి 26న అమల్లోకి వచ్చిన సవరణతో 3(1)(జెడ్‌ఎ) చేరింది. అందరికీ తెరిచి ఉన్న ప్రార్థనా స్థలంలోకి వెళ్లకుండా ఆపడం, జాతరలో ఊరేగింపులో పాల్గొననివ్వకపోవడం, చెరువు, కుళాయి, శ్మశానం వాడుకోనివ్వకపోవడం, చెప్పులేసుకుని నడవనివ్వకపోవడం, పెళ్లి ఊరేగింపు ఆపడం అన్నీ ఇందులోకే వస్తాయి. ఆరు నెలల నుంచి ఐదేళ్ల వరకు జైలు. సాంఘిక, ఆర్థిక బహిష్కరణకు (జెడ్‌సీ).

ముఖ్యమైన తేడా ఒకటుంది. కొత్త చట్టంలో నిందితుడు ఎస్సీ ఎస్టీ కాకూడదు. పాతదానికి ఆ షరతు లేదు. ఒక ఎస్సీ కులంవాళ్లు మరో ఎస్సీ కులంవాళ్లను ఆపితే అక్కరకొచ్చేది పాతదే.

గోదారి_గట్టు
ఊళ్లలో మొదట వచ్చే మాట అది కాదు సార్. "ఇది ఎండోమెంట్ గుడి కాదు, మా కులం చందాలేసుకుని కట్టుకున్నది, మా ఇష్టం" అంటారు. దానికేంటి మరి?

లా_పాయింట్
గోదారి_గట్టు గారు, ఆ మాట చెల్లదు. 1955 చట్టంలో బహిరంగ ఆరాధనా స్థలం నిర్వచనం బాగా వెడల్పుగా రాశారు. సొంత ఆస్తి అయినా, యజమాని దాన్ని జనం పూజకు వాడుకోనిస్తుంటే బహిరంగ స్థలమే. దాని చుట్టూ ఉన్న ఖాళీ జాగా, ఉపాలయాలు కూడా కలుస్తాయి. వేరే కులాలవాళ్లు వచ్చి కొబ్బరికాయ కొట్టి వెళ్తున్న గుడిని ఎస్సీల దగ్గరికొచ్చేసరికి సొంతం అంటే కుదరదు. దేవాదాయ శాఖ రిజిస్టర్లో ఉందా లేదా అన్నది ఇక్కడ అడ్డం కాదు.

దీని మీద పెద్ద తీర్పు 1957 నాటి వెంకటరమణ దేవరు కేసు. మూల్కీలో గౌడ సారస్వత బ్రాహ్మణుల గుడి. మాది ప్రత్యేక శాఖ, రాజ్యాంగం 26వ అధికరణం ప్రకారం మా మత వ్యవహారాలు మావి అన్నారు. అది ప్రత్యేక శాఖ గుడేనని సుప్రీంకోర్టు ఒప్పుకుంది. ఒప్పుకుంటూనే హిందువులందరికీ తెరవాలన్న 25(2)(బి) దీనికంటే పైదని చెప్పింది. శాఖవాళ్లకు మాత్రమే పరిమితమైన కొన్ని ప్రత్యేక సేవలు ఉంచుకోవచ్చంది, జనానికి మిగిలే దర్శనం నామమాత్రం కాకుండా.

నిప్పురవ్వ
ఇంకో కేసు మర్చిపోయారు. మమ్మల్ని హిందువులే అనొద్దు మహాప్రభో, ఆ చట్టం మాకు పట్టదు అన్నవాళ్లది.

లా_పాయింట్
మర్చిపోలేదు, వస్తున్నా. 1966 ముల్దాస్ కేసు. స్వామినారాయణ సంప్రదాయంలో కొందరు దళితుల్ని గుళ్లోకి రానివ్వకూడదని ఆ వాదన తెచ్చారు. కోర్టు కొట్టేసింది. హిందూ ధర్మం అంటే ఏమిటో జడ్జీలు పేజీలకు పేజీలు రాయాల్సి వచ్చిన తీర్పు అది.

వేపచెట్టు
అందరూ గుమ్మం దగ్గరే ఆగిపోయారు. లోపల ఏం జరుగుతుందో ఎవరూ రాయలేదు. ఇవాళ చాలా ఊళ్లలో గుమ్మం దగ్గర ఎవరూ చెయ్యి అడ్డం పెట్టరు. వివక్ష పళ్లెం దగ్గర మొదలవుతుంది.

వరసగా గమనించండి. తీర్థం: ముందు వరసవాళ్లకు ఉద్ధరిణి చేతికి ఆనేంత దగ్గరగా వస్తుంది, తర్వాతివాళ్లకు జానెడు ఎత్తు నుంచి ధార. శఠారి: కొందరి తలకు తాకుతుంది, కొందరి తల మీద గాల్లో తిరిగి వెనక్కి పోతుంది. హారతి పళ్లెం: ఒకరి ముందు ఆగుతుంది, ఇంకొకరు దూరం నుంచే కళ్లకద్దుకోవాలి. ప్రసాదం: ఒకరికి చేతిలో, ఇంకొకరికి ఆకులో వేసి కింద. అర్చన టికెట్టు తీసుకుంటే గోత్రం అడుగుతారు. చెప్పలేనివాడి పేరు అర్చనలో గబగబా దొర్లిపోతుంది. ఇక జాతరలో బోనం వంతు, రథం తాడు, పల్లకీ బొంగు ఎవరి భుజం మీద. రథం మాల మాదిగ వీధి మొదట్లోనే ఎందుకు మలుపు తిరుగుతుంది?

లా_పాయింట్ గారు చెప్పిన "ఆ పద్ధతిలో, అంతమేరకు" అన్న ముక్క దీనికే. శఠారి తలకు తాకించలేదని కేసు పెట్టినవాళ్లను చూపించమంటే కష్టం. రుజువు ఎలా? పక్కవాడికి తాకింది, నాకు తాకలేదు అని చెప్పే సాక్షి పక్కవాడే కదా.

తటస్థుడు
అందుకేగా నేనన్నది. శఠారి దించే చెయ్యి మారాలంటే ఆ చేతి వెనకున్న మనసు మారాలి.

నిప్పురవ్వ
లేదా ఆ చెయ్యే మారాలి.

పాతపుస్తకం
నిప్పురవ్వ గారి మాటకు అనుబంధం. 1987 దేవాదాయ చట్టం మన దగ్గర వంశపారంపర్య అర్చకత్వాన్ని రద్దు చేసింది. 1996లో నారాయణ దీక్షితులు కేసులో సుప్రీంకోర్టు సరేనంది. పూజ చేయడం మతం, పూజారిని నియమించడం లౌకిక వ్యవహారం అన్న తర్కం మీద. ఆ తర్కం 1972 శేషమ్మాళ్ కేసు నాటిది. 2002లో ఆదిత్యన్ కేసులో ఇంకో అడుగు పడింది. కేరళలో శిక్షణ పొందిన ఈళవ పూజారి నియామకం చెల్లుతుందన్నారు. మంత్రం, తంత్రం వచ్చినవాడెవడైనా చేయొచ్చు, పుట్టుక అడ్డం కాదని. మన రాష్ట్రంలో ఏమైంది? 2007 సవరణతో అర్చక కుటుంబాల హక్కుకు మళ్లీ చోటిచ్చారు. రద్దు వల్ల చిన్న గుళ్ల అర్చకులు రోడ్డున పడ్డారన్న వాదన అప్పుడు బలంగా నడిచింది, అది ఉత్త అబద్ధమూ కాదు. మాన్యం భూమి పోయి, జీతం సరిగ్గా రాక, ధూపదీపాలకే దిక్కులేని గుళ్లు ఉన్నమాట నిజం. తమిళనాడు అన్ని కులాల అర్చకుల పథకం 2006లో మొదలుపెట్టింది, కోర్టుల్లో నలిగి నలిగి 2021 ఆగస్టులో ఒక పెద్ద విడత నియామకాలు చేసింది.

అక్షరం_ముక్క
మొదటి ప్రశ్నకు ఎవరూ సరిగ్గా జవాబివ్వలేదు. విశ్వాసం న్యాయం వైపు తోస్తుందా అని కదా అడిగింది.

1934 జనవరి 15 బీహార్ భూకంపం తీసుకోండి. అంటరానితనమనే పాపానికి దేవుడు వేసిన శిక్ష ఇది అన్నాడు గాంధీ. ఠాగూర్ గట్టిగా అభ్యంతరం చెప్పాడు. ప్రకృతి విపత్తును నీతికి ముడిపెడితే రేపు అవతలివాడూ అదే పని చేస్తాడని. జరిగింది కూడా అదే. సనాతనులు గాంధీ హరిజన యాత్ర వల్లే ఈ ఉపద్రవం అన్నారు. ఒకే భూకంపం, ఒకే దేవుడు, రెండు తీర్పులు. మంచి పనికి దైవభయాన్ని వాడుకోవడంలో ఉన్న చిక్కు ఇక్కడే ఉంది.

ఏడాది ముందు, 1933 ఫిబ్రవరిలో, గుడి ప్రవేశ బిల్లుకు మద్దతివ్వమంటే అంబేడ్కర్ ఇవ్వలేదు. ఇదే గమ్యమా, మొదటి మెట్టా అని అడిగాడు. గమ్యమే అయితే అక్కర్లేదన్నాడు. చదువు, ఉద్యోగం, గౌరవం వస్తే గుడి సంగతి తర్వాత చూసుకోవచ్చని. 1930లో నాసిక్ కాలారాం గుడి ముందు సత్యాగ్రహం చేయించినవాడే ఈ మాటన్నాడు.

గోదారి_గట్టు
మరి వితంతు వివాహాల కోసం మన వీరేశలింగం శాస్త్రాన్నే పట్టుకున్నాడుగా? శాస్త్రంతోనే శాస్త్రం నోరు మూయించాడు. అది పనిచేసింది.

అక్షరం_ముక్క
ఎంతవరకు పనిచేసిందో లెక్కేద్దాం గోదారి_గట్టు గారు. ముందు బెంగాల్లో విద్యాసాగర్ పరాశర స్మృతిలో శ్లోకం పట్టుకుని వాదించాడు. భర్త కనపడకపోయినా, చనిపోయినా, సన్యసించినా, నపుంసకుడైనా, పతితుడైనా స్త్రీ మళ్లీ పెళ్లాడొచ్చని అందులో ఉంది. 1856లో వితంతు వివాహ చట్టం వచ్చింది. రాజమండ్రిలో వీరేశలింగం మొదటి వితంతు వివాహం చేయించింది 1881 డిసెంబరు 11న. చట్టం పుస్తకంలో ఉండి పాతికేళ్లు. ఆ పెళ్లికి వెళ్లినవాళ్లకు వెలి. పైడా రామకృష్ణయ్య డబ్బు లేకపోతే పందిరి కూడా లేచేది కాదు. ఇంకో సంగతి, ఆ చట్టం సెక్షన్ 2 ప్రకారం మళ్లీ పెళ్లి చేసుకున్న వితంతువుకు మొదటి భర్త ఆస్తి మీద ఉన్న హక్కు పోతుంది. స్వేచ్ఛ ఒక చేత్తో ఇచ్చి భూమి ఇంకో చేత్తో తీసుకున్నారు.

శాస్త్రంతో వాదించడానికి ఒక ధర ఉంది. తీర్పు చెప్పే అధికారం శాస్త్రానిదేనని మీరే ఒప్పుకున్నట్టు అవుతుంది. రేపు శ్లోకం దొరకని అన్యాయం ఎదురైతే? కోర్టులదీ అదే తంటా. 1954 శిరూర్ మఠం కేసు నుంచి మతానికి ఏది ముఖ్యం, ఏది కాదు అని జడ్జీలే పండితుల అవతారం ఎత్తుతున్నారు.

తటస్థుడు
శ్లోకం లేకుండా 1881లో ఒక్క పురోహితుడైనా వచ్చి మంత్రం చదివేవాడా? ధర ఉందంటున్నారు సరే, ఆ ధర కట్టకపోతే సరుకే రాదు. జనం నమ్మే భాషలో చెప్పకపోతే సంస్కరణ పట్నంలో పదిమంది మధ్య మిగిలిపోతుంది.

సందేహాల_సుబ్బయ్య
ఈ ముక్క బాగుంది. కానీ థ్రెడ్ అంతా గుడి చుట్టే తిరుగుతోంది. మతం మారినవాళ్ల సంగతో? అక్కడ సమానత్వం దొరికిందా?

కొండకింద_దీపం
సగం. క్రైస్తవుల్లో చూస్తే చర్చిలో ప్రభువు బల్ల దగ్గర దొరికింది, శ్మశానం దగ్గర చాలాచోట్ల దొరకలేదు. తమిళనాడులో కులానికో వైపు గోడ కట్టిన క్రైస్తవ శ్మశానాలు ఉన్నాయి. పెళ్లి సంబంధాల్లో అయితే బాప్తిస్మం కులాన్ని కడగలేదు. మరోవైపు, హైదరాబాద్ ఆర్చ్‌బిషప్ పూల ఆంథోనీ 2022 ఆగస్టులో కార్డినల్ అయ్యారు, దళితుల్లోంచి ఆ పదవికి చేరిన మొదటి వ్యక్తి. ఇన్ని శతాబ్దాలకు మొదటి వ్యక్తి అన్న మాటను ఎటైనా చదువుకోవచ్చు. ముస్లింలలో అష్రాఫ్ (పై వర్గాలు), పస్మాందా (వెనకబడ్డ వర్గాలు) గొడవ కూడా ఇదే. నమాజు వరసలో భుజం భుజం కలుస్తుంది, నిఖా దగ్గర బిరాదరీ, అంటే కులం, అడుగుతారు.

రాజ్యం మాత్రం మతం మారగానే కులం పోయిందంటుంది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా ప్రకారం హిందువు కానివాడు ఎస్సీ కాడు. తర్వాత 1956లో సిక్కుల్ని, బౌద్ధుల్ని చేర్చారు.

లా_పాయింట్
సిక్కులు 1956, బౌద్ధులు 1990. అంబేడ్కర్‌తో పాటు 1956 అక్టోబరులో దీక్ష తీసుకున్నవాళ్లు కేంద్రం లెక్కలో ఎస్సీలు కావడానికి 34 ఏళ్లు పట్టింది.

క్రైస్తవులకు, ముస్లింలకు ఇప్పటికీ లేదు. 1985 సూసై కేసులో సుప్రీంకోర్టు, మతం మారాక కూడా అదే స్థాయి వెనకబాటు ఉందని ఆధారాలతో చూపించాలంది. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ ఆ మూడో పేరా తీసేయమంది. 2022 అక్టోబరులో మాజీ ప్రధాన న్యాయమూర్తి బాలకృష్ణన్ కమిషన్ వేశారు. తెలుగు రాష్ట్రాల్లో ఎస్సీ నుంచి క్రైస్తవంలోకి వెళ్లినవాళ్లు, వాళ్ల పిల్లలు బీసీ సీ. రిజర్వేషన్ 1 శాతం. ఎస్టీలకు ఈ మత షరతే లేదు.

కొండకింద_దీపం
దాని వల్ల ఊళ్లో జరిగేది ఇంకోటి ఉంది. సర్టిఫికెట్‌లో హిందూ, ఆదివారం చర్చి. కోర్టులు దీన్ని మోసం అంటున్నాయి. 2024 నవంబరులో సుప్రీంకోర్టు సెల్వరాణి కేసులో గట్టిగానే అంది. సర్టిఫికెట్ పోతే ఉద్యోగంతో పాటు అత్యాచారాల నిరోధక చట్టం రక్షణా పోతుంది. చర్చి మీద దాడి చేసేవాడు మాత్రం ముందు సర్టిఫికెట్ చూపించమనడు, పాత కులం పేరే తిడతాడు.

నిప్పురవ్వ
అంటే కులం దేవుడి దగ్గర పోయింది, తహసీల్దారు దగ్గరా పోయింది, వీధిలో మాత్రం ఉంది. భేష్.

మల్లెమొగ్గ
ఇంతసేపూ మగవాళ్ల గుడి ప్రవేశమే. మతం పేరుతో ఆడపిల్లను గుళ్లోకి తీసుకెళ్లి అక్కడే వదిలేసిన సంగతి ఎవరూ ఎత్తలేదు. తెలంగాణలో జోగిని, చిత్తూరు వైపు మాతమ్మ, కర్నూలు అనంతపురం వైపు బసివి. పిల్లకు జబ్బు చేసిందనో, కొడుకులు లేరనో దేవతకు మొక్కి తాళి కట్టిస్తారు. ఆ తర్వాత ఆమె ఊరందరిదీ. దాదాపు అందరూ ఎస్సీ పిల్లలే. దేవత పై కులాల పిల్లను అడిగినట్టు ఎక్కడా వినం.

మద్రాసు దేవదాసీ చట్టం 1947, ముత్తులక్ష్మీ రెడ్డి పట్టుదలతో వచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చట్టం 1988. 2016 నుంచి అత్యాచారాల నిరోధక చట్టం 3(1)(కె) కూడా. అయినా కేసులు ఎందుకు నిలబడవు? నేరం చేసేది తల్లిదండ్రులు, పిల్ల వాళ్ల మీదే చెప్పాలి. తాళి కట్టే తంతు గుట్టుగా జరిగిపోతుంది, పూజారి ఉన్నాడని ఎవరూ చెప్పరు. ఫిర్యాదు వచ్చేనాటికి ఏళ్లు గడిచి ఉంటాయి. కాబట్టి పట్టుకోవాల్సింది తంతుకు ముందే. ఏడెనిమిది తరగతుల్లో ఉన్నట్టుండి బడి మానేసిన పిల్లల జాబితా అంగన్‌వాడీ, హెడ్మాస్టరు దగ్గర ఉంటుంది. జాతర తేదీ ఊరందరికీ తెలుసు. ఆ రెండూ పక్కపక్కన పెట్టుకుని ఇంటికి వెళ్తే సగం పని అయినట్టే. ఆ దశలో బాల్య వివాహాల అధికారికి చెప్పినా కదులుతారు.

తటస్థుడు
ఇక్కడ మాత్రం చట్టం లేకుండా పని జరగదు. ఒప్పుకుంటాను.

నిప్పురవ్వ
స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకున్నా.

గోదారి_గట్టు
ఇంకో సందేహం. టీటీడీ శ్రీవాణి ట్రస్టు డబ్బుతో ఎస్సీ, ఎస్టీ, మత్స్యకార కాలనీల్లో గుళ్లు కట్టిస్తున్నారు. 10,000 విరాళమిస్తే బ్రేక్ దర్శనం, ఆ డబ్బు ఇటు. ఇది మంచిదా చెడ్డదా? గుడి లేనిచోట గుడి వస్తోంది కదా.

వేపచెట్టు
గుడి రావడం మంచిదే. దానితో పాటు ఊళ్లో ఏ మాట పుడుతుందో వినండి: "మీకూ ఒకటి కట్టించాం కదా, ఇక మా గుడికెందుకు?" పాత గుడి తాళం ఈ మాటతో ఇంకా బిగుస్తుంది. కాలనీ గుడికి పూజారి ఎవరు, నిత్య కైంకర్యం ఖర్చు ఎవరిది అని ముందే అడగాలి. కట్టిన రెండేళ్లకు దీపం లేని గుడి అయితే కాలనీకి అదో అవమానం. అన్నిటికంటే అసలు పరీక్ష, కాలనీ గుడి కల్యాణానికి ఊరివాళ్లు వచ్చి పంక్తిలో కూర్చుంటారా? పల్నాట బ్రహ్మనాయుడు అన్ని కులాలనూ ఒకే చాప మీద కూర్చోబెట్టి చాపకూడు పెట్టించింది ఆ కూర్చోవడం కోసమే. గుడిలోకి రానిచ్చి పంక్తిలోకి రానివ్వని ఊళ్లు బోలెడు.

కొండకింద_దీపం
సిక్కుల లంగర్, అంటే గురుద్వారా సామూహిక భోజనం, నిలబడింది అందుకే. వండేది, వడ్డించేది, గిన్నెలు తోమేది ఎవరైనా కావచ్చు, కూర్చునేది నేల మీదే. దాతృత్వం వేరు, ఇది వేరు. అన్నదానంలో ఇచ్చేవాడు పైన, తీసుకునేవాడు కింద ఉండిపోవచ్చు. ఇస్లాంలో జకాత్ కొంత నయం, ఏడాది పాటు నిలవున్న సంపదలో 2.5 శాతం పేదవాడి హక్కు, ఇచ్చేవాడి దయ కాదు. ఎనిమిది రకాల అర్హుల జాబితాలో అప్పులపాలైనవాళ్లు, బానిసత్వం నుంచి విడిపించాల్సినవాళ్లు కూడా ఉన్నారు.

అక్షరం_ముక్క
పేదవాడి హక్కే, కానీ ఇవ్వకపోతే ఆ పేదవాడు ఏ కోర్టుకు వెళ్తాడు ఇక్కడ? మతం ఇచ్చే హక్కుకూ రాజ్యాంగం ఇచ్చే హక్కుకూ తేడా అదే.

సందేహాల_సుబ్బయ్య
సరే, పనికొచ్చే మాట ఒకటి అడుగుతా. ఊళ్లో ఆపారు. కేసు పెట్టాలి. ఏం చేయాలి, ఎక్కడ చెడుతుంది?

లా_పాయింట్
చెడేది మొదటి కాగితం దగ్గరే. "గుడి దగ్గర గొడవ జరిగింది" అని రాస్తారు. ఆ ఒక్క మాటతో అది శాంతిభద్రతల సమస్య అయిపోతుంది, పోలీసులు రెండు వర్గాల మీదా బీఎన్ఎస్ఎస్ (పాత సీఆర్పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 126 కింద బైండోవర్, అంటే శాంతిగా ఉంటామన్న పూచీకత్తు, పెడతారు, ఆర్డీవో 163 కింద గుంపులు వద్దంటాడు. గుళ్లోకి వెళ్లాలన్నవాడూ, ఆపినవాడూ ఒకటే లెక్కలోకి వస్తారు. కాబట్టి ఫలానా తేదీ, ఫలానా వేళ, ఫలానా గుడి, నా కులం ఇది, ఆపినవాళ్ల పేర్లు కులాలు ఇవి, అన్న మాటలు ఇవి, అదే సమయంలో లోపలికి వెళ్లిన మిగతావాళ్లు వీళ్లు అని రాయాలి. ఆఖరి ముక్క చాలామంది వదిలేస్తారు. గుడి అందరికీ తెరిచే ఉందని చూపేది అదే.

అత్యాచారాల నిరోధక చట్టం 18ఎ ప్రకారం ఎఫ్ఐఆర్‌కు ముందు ప్రాథమిక విచారణ అక్కర్లేదు. విచారించి చూస్తాం అని నాన్చితే ఆ సెక్షన్ గుర్తుచేయండి. ఎస్సై తీసుకోకపోతే బీఎన్ఎస్ఎస్ 173(4) కింద ఎస్పీకి పోస్టులో, అప్పటికీ కదలకపోతే కోర్టుకు. కావాలని విధి నిర్వహించని అధికారి మీద అత్యాచారాల నిరోధక చట్టం సెక్షన్ 4 ఉంది, ఆరు నెలల నుంచి ఏడాది. దర్యాప్తు డీఎస్పీ స్థాయికి తగ్గకూడదు, 60 రోజుల్లో పూర్తి కావాలి. ఎస్సై చేతే దర్యాప్తు చేయిస్తే తర్వాత కేసు దాని మీదే దెబ్బతింటుంది. హెల్ప్‌లైన్ 14566.

వేపచెట్టు
కాగితం కంటే ముందు ఇంకో పని. కేసు పెట్టిన మర్నాడు నుంచి పొలం పనికి పిలవరు, కిరాణా కొట్టు అప్పు ఆపుతుంది, ఆటోవాడు ఎక్కించుకోడు, పాలకేంద్రం పాలు కొనదు. సాక్షులు తిరిగేది ఇక్కడ. కోర్టులో తిరగడం తర్వాతి సంగతి. ఉపాధి హామీ పని దరఖాస్తు కాలనీ అందరి పేరుతో ముందే పెట్టుకుని రసీదు తీసుకోవాలి. రేషన్ ఆగకుండా తహసీల్దారుకు రాసి ఉంచాలి. బహిష్కరణ మొదలైన రోజు నుంచి ఎవరు ఏమి నిరాకరించారో తేదీ వారీగా నోటుబుక్కులో రాయాలి. ఊళ్లో దండోరా వేయిస్తే ఫోన్లో రికార్డు చేయాలి. జెడ్‌సీ కేసుకు అదే ప్రాణం.

ఆర్డీవో ఒక్కరోజు దర్శనం ఎందుకు నిలవదంటే, ఆ రోజు తాళంచెవి ఎవరి దగ్గరుందో రాసుకోరు. రాజీ కాగితంలో గుడి తెరిచే వేళలు, తాళంచెవి ఉంచుకునే మనిషి పేరు, జాతరలో ఎవరి వంతు ఎప్పుడు అన్నవి రాయించి సంతకాలు పెట్టించాలి. "ఇకపై అందరూ కలిసిమెలిసి ఉంటారు" అన్న కాగితం చింపి పొయ్యిలో వేసుకోవడానికి తప్ప ఎందుకూ పనికిరాదు. మరమ్మతుల పేరుతో మూసేస్తే, ఎన్ని రోజులు, ఎవరు చేస్తున్నారు, ఖర్చు ఎవరిది అని రాతపూర్వకంగా అడగాలి.

తటస్థుడు
తాళంచెవి సంగతి ఎవరూ ఆలోచించరు. ఇంకోటి కలపొచ్చు. పూజారిని ముందే కలిసి మాట్లాడాలి. చాలాచోట్ల అతనూ ఊరి పెద్దల జీతగాడే. అధికారి నుంచి రాతపూర్వక ఆదేశం ఉంటే, నాదేం లేదు బాబూ, పైనుంచి వచ్చింది అని తప్పించుకునే దారి అతనికి దొరుకుతుంది.

సందేహాల_సుబ్బయ్య
జిల్లాలో ఎవరైనా దీన్ని గమనిస్తుంటారా, ఎవరి ఊరికి వాళ్లే కొట్లాడుకోవాలా?

లా_పాయింట్
కలెక్టరు అధ్యక్షతన జిల్లా విజిలెన్స్, మానిటరింగ్ కమిటీ ఉంటుంది. అత్యాచారాల నిరోధక చట్టం నియమాల్లో నిబంధన 17 ప్రకారం మూడు నెలలకోసారి కూర్చోవాలి. డివిజన్ స్థాయిలో ఆర్డీవోది ఇంకోటి. కూర్చున్నారో లేదో తెలియాలంటే ఆర్టీఐ వేయండి, జిల్లా కార్యాలయానికి రుసుము 10 రూపాయలు, మండలంలో 5, గ్రామ స్థాయిలో ఏమీ లేదు. గడిచిన నాలుగు సమావేశాల తేదీలు, మినిట్స్ నకళ్లు, గుడి ప్రవేశం మీద వచ్చిన ఫిర్యాదులు, వాటిలో చార్జిషీటు అయినవెన్ని అని అడగాలి. అదే దరఖాస్తులో ఎండోమెంట్స్ సంగతి కలపొద్దు. ఆ గుడి దేవాదాయ చట్టం సెక్షన్ 43 కింద రిజిస్టర్ అయిందా, ధర్మకర్తలెవరు అన్నది దేవాదాయ సహాయ కమిషనర్‌కు విడిగా వేయాలి. కలిపి వేస్తే ఇది మా శాఖది కాదంటూ ఒకరికొకరు పంపుకుంటూ కూర్చుంటారు.

నిప్పురవ్వ
మినిట్స్ వస్తే ఇక్కడ పెట్టండి సుబ్బయ్య గారు, పేర్లు కొట్టేసి. నాలుగు సమావేశాలకూ ఒకే పేరా కాపీ పేస్టు అయి ఉంటుందని నా పందెం.